కొండగోగు గోగేనా?

సందేహం: శివరాత్రి రోజుల్లో మా ఊరి కొండమీద ఆకు లేని చెట్లకు పెద్ద పెద్ద పసుపు పూలు పూస్తాయి. మా పెద్దమ్మ వాటిని కొండగోగు అంటుంది. అంటే కొండమీద పెరిగే గోంగూర జాతేనా? 'కొండ గోగు' అని విడదీసి రాయవచ్చా?

సమాధానం: మీ పెద్దమ్మగారు చెప్పిన పేరు సరైనదే. అయితే గోంగూరకూ ఈ చెట్టుకూ దగ్గరి చుట్టరికం లేదు. విగ్రహవాక్యం చెప్పమంటే 'కొండయందలి గోగు' అని సప్తమీ తత్పురుష చెబుతాం. వ్యాకరణానికి అది చాలు. చెట్టును గుర్తుపట్టడానికి మాత్రం చాలదు, ఈ మాట రూఢిలో వేరే చెట్టుకు స్థిరపడింది కాబట్టి.

రెండు పూలనూ పక్కపక్కన పెట్టి చూడండి. గోగుపువ్వు లేత పసుపు, నడుమ ముదురెరుపు మచ్చ. కేసరాలన్నీ ఒక గొట్టంగా కలిసి కీలాన్ని చుట్టుకుని ఉంటాయి. కొండగోగు పువ్వు నిండు బంగారు రంగు, నడుమ ఆ మచ్చ ఉండదు. లెక్కకు మించిన కేసరాలు దేనికది విడిగా నిలుస్తాయి. కాయ పగిలితే లోపల బూరుగ కాయలో లాగా పట్టుదూది. గోగుకాయలో దూది ఉండదు. ఇక పోలికంటారా, అయిదు రేకులు, పసుపు రంగు, చీలికల ఆకు రెంటికీ ఉన్నాయి. పేరు పెట్టినవారు చూసింది ఇదేనని నా నమ్మకం.

ఇది నల్లమల, శేషాచలం వంటి తూర్పు కనుమల ఎండు రాతివాలుల చెట్టు. దీని బంకను గిరిజనులు సేకరిస్తారు. శాస్త్రజ్ఞులు ఇంగ్లీషు వ్యాసాల్లోనూ దాన్ని మన పేరుతోనే 'గమ్ కొండగోగు' అని రాస్తారు. ఒక తెలుగు మాటకు దక్కిన ఈ గౌరవం నాకెంతో సంతోషం.

కొండతంగేడు సంగతీ ఇంతే. తంగేడు బతుకమ్మలో పేర్చే పసుపు పూల పొద. కొండతంగేడు కలపకు పేరున్న మాను, దాని పూలు పాలిపోయిన చిన్న చిన్న గుండ్లు. అడవినాభి మరీ చిత్రం. అసలు నాభి, అంటే వసనాభి, హిమాలయాల మొక్క. మన అడవినాభి వానాకాలంలో పొదలమీదికి ఆకుకొసలతో పట్టుకుని పాకే తీగ. రేకులు అలలు తిరిగి వెనక్కి మడిచి, పసుపు నుంచి ఎరుపుకు మారతాయి. రెంటి దుంపలూ విషమే. ఆ పేరు కలిసింది పూలనుబట్టి కాదు, విషాన్నిబట్టి. పువ్వు ఎంత ముద్దొచ్చినా పిల్లల్ని దుంప తవ్వనివ్వకండి.

కాబట్టి పేరు ముందు 'కొండ', 'అడవి' కనబడగానే పొలంలోని మొక్కే కొండెక్కిందని అనుకోరాదు. ఆ పోలిక ఆకుదో, పువ్వుదో, గుణానిదో విడిగా విచారించాలి.

రాత విషయానికొస్తే కొండగోగు, కొండగోగుపూలు అని కలిపే రాయండి. 'కొండ గోగు పూలు' అని విడదీస్తే కొండమీద ఎవరో వేసిన గోగుచేను పూలన్న అర్థం వస్తుంది.