తిరుగు ప్రయాణాన్ని అర వాక్యంలో తేల్చకు

చిరంజీవికి,

వాస్కో డ గామా మీద నువ్వు రాసిన 'సముద్ర సింహం' చదివాను. పురుగులు కనబడకుండా ఉండాలని నావికుడు బిస్కెట్టును చీకట్లోనే తింటాడే, అది బాగుంది. మిగతాదాని మీద కోపంగా ఉన్నాను.

ముందు చిన్నవి. 1498 నాటి కాలికట్ సంతలో ఎర్ర మిరపకాయలు గుట్టలుగా పోయించావు. మిరప అమెరికా పంట. ఈ పోర్చుగీసువాళ్ల రాకపోకలు మొదలయ్యాకే అది మనకు వచ్చింది. బొప్పాయి, జీడిమామిడి, పొగాకు కూడా అంతే. అక్కడ మిరియాలు పోయించు, అల్లం పోయించు. పైగా గామా పడవ దిగుతూనే నేలను ముద్దాడాడట! మొదట ఊళ్లోకి పంపింది ఒక ఖైదీని. ప్రమాదం ఉన్నచోట ముందు దింపడానికే శిక్షపడ్డవాళ్లను కొందరిని ఓడల్లో ఎక్కించుకొచ్చారు. చచ్చినా లెక్కలేని మనుషులన్నమాట. ఆ ఖైదీకి ట్యూనిస్ నుంచి వచ్చిన ఇద్దరు ముస్లింలు ఎదురుపడ్డారు. స్పెయిన్ మాట తెలిసినవాళ్లు. "దెయ్యం పట్టుకుపోనూ, నిన్నిక్కడికి ఎవరు తెచ్చార్రా?" అన్నారు. నీ కథ అక్కడ మొదలవ్వాలి.

ఇక అసలు సంగతి. "విజయగర్వంతో ఓడలు స్వదేశానికి మరలాయి" అని అర వాక్యంలో దులిపేసుకున్నావు. ఆ అర వాక్యంలో ఎంతమంది చచ్చారో తెలుసా?

వచ్చేటప్పుడు ఆఫ్రికా తూర్పు తీరంలోని మాలింది రేవు నుంచి, అక్కడి రాజు ఇచ్చిన నావికుడి సాయంతో ఏప్రిల్ 24న బయలుదేరి, మే 18కల్లా మలబారు కొండలు చూశారు. వెనక నుంచి నైరుతి గాలి. తిరిగి వెళ్లేటప్పుడు గోవాకు దక్షిణాన ఉన్న అంజదీవ అనే దీవి నుంచి అక్టోబరు 5న లంగరెత్తారు. ఈశాన్య గాలి ఇంకా నిలదొక్కుకోలేదు. తెరచాపలు వేలాడిపోతాయి, లేదా గాలి ఎదురు కొడుతుంది. ఆఫ్రికా తీరం కనబడేసరికి జనవరి 2. మూడు నెలలకు మూడు రోజులు తక్కువ. పచ్చికూర, పండు లేకుండా అన్నాళ్లుంటే ఏమవుతుందో వాళ్లలో ఒకడు రోజువారీగా రాసి పెట్టాడు: చిగుళ్లు ఉబ్బి పళ్లను కప్పేశాయి, తిండి నమలలేకపోయారు, కాళ్లు వాచాయి. ఈ ఒక్క దాటులోనే 30 మంది పోయారు. అంతకుముందే మరో 30 మంది పోయారు. ఒక్కో ఓడకు పని చేయగలిగినవాళ్లు ఏడెనిమిది మంది మిగిలారు.

మాలిందిలో గామా మనిషిని పంపి నారింజ పండ్లు తెప్పించాడు. రోగులు వాటికోసమే కలవరించారు. మర్నాడు పండ్లు వచ్చాయి. అయినా చాలామంది అక్కడే పోయారు. నువ్వు రాయాల్సింది ఆ నారింజపండు పట్టుకున్న చెయ్యి. ఆ తర్వాత మొంబాసా దగ్గర సావో రఫాయెల్ అనే ఓడను తగలబెట్టేశారు. తుఫానూ లేదు, శత్రువూ లేడు. మూడు ఓడలు నడపడానికి మనుషులు చాలలేదు, అంతే. ఆ ఓడ నాయకుడు గామా అన్న పౌలో. అతనూ ఇల్లు చేరలేదు, దారిలో అట్లాంటిక్‌లోని అజోర్స్ దీవుల్లో పోయాడు. బయలుదేరినవాళ్లు దాదాపు 170 మంది, తిరిగి చేరింది దాదాపు 55 మంది.

అందుకే చెబుతున్నాను. విశేషణం రాసిన ప్రతిచోటా ఆగి, ఎంతమంది, ఎన్నాళ్లు, ఏ గాలి అని అడుగు. మన సంపాదకులకు అంకె కనబడితే చాలు, 'వ్యాసంలా ఉంది' అని తిప్పి పంపుతారు. చరిత్ర కథంటే కిరీటం, గుర్రం, కత్తి ఉండాలి వాళ్లకు. కొత్తగా ఇంకో ఫ్యాషన్ బయలుదేరింది: గామాను పేజీకి నాలుగుసార్లు రాక్షసుడంటే సరి, సామ్రాజ్యాన్ని ఎండగట్టినట్టే. రెండూ బద్ధకమే. ఏ పత్రికకు పంపాలని అడిగావు, అది తర్వాత.

మూడో అధ్యాయంలో పోర్చుగల్‌లోని లాగోస్ రేవులో బానిసల 'వేలం' అని రాశావు. వేలం మాట పోర్చుగీసు 'లెయిలావ్' నుంచి వచ్చిందని తెలిసి రాశావో, కాకతాళీయమో. కానీ 1444 ఆగస్టు 8న అక్కడ జరిగింది పంపకం. పడవలు దింపిన 235 మంది ఆఫ్రికన్లను మైదానంలో నిలబెట్టి ఐదు వాటాలు చేశారు. ఆ ఓడయాత్రలు నడిపించిన పోర్చుగల్ రాకుమారుడు హెన్రీ గుర్రం మీద ఉన్నాడు, తన వంతు 46 మంది. వాటాలు సమానం కావాలి గదా, అందుకని తండ్రి ఒక గుంపులోకి, కొడుకు ఇంకో గుంపులోకి. తల్లులు పిల్లల్ని కావలించుకుని నేలమీద బోర్లాపడ్డారు, దెబ్బలు తింటూనే, పిల్లల్ని లాక్కోకుండా. ఇది రాసినవాడు హెన్రీని పొగుడుతూ చరిత్ర రాసిన పోర్చుగల్ ఆస్థాన చరిత్రకారుడు జురారా. పొగుడుతూనే ఇదీ రాశాడు. నువ్వేమో 'హృదయవిదారక దృశ్యం' అని ఊరుకున్నావు. ఆ రెండు మాటలూ కొట్టెయ్యి. భాగాలు సరిచేయడానికి ఒక పిల్లవాణ్ణి ఈ గుంపు నుంచి ఆ గుంపుకు మార్చడం చూపించు.

1502లో మక్కా నుంచి వస్తున్న యాత్రికుల ఓడను గామా తగలబెట్టించినదాన్ని కలల్లోకి నెట్టావు. కల అక్కర్లేదు. ఆ ఓడ పైభాగంలో నిలబడి తల్లులు పసిపిల్లల్ని ఎత్తి చూపించి జాలిపడమన్నారు, ఎదుటి ఓడల్లోనివాళ్లు అది చూస్తూనే ఉన్నారు. ఇరవై మంది దాకా పిల్లల్ని క్రైస్తవుల్ని చేయడానికి దింపుకుని, మిగతావాళ్లను కాల్చేశారు. దింపుకున్నవాళ్లలో ఒకణ్ణి పట్టుకుని ఈ అధ్యాయం మళ్లీ రాయి. మిరపకాయలు మాత్రం ఈ రాత్రికే తీసెయ్యి.