సాయంత్రం పూట దొరికే మూడున్నర గంటలు బైక్ మీదా, ట్యాలీ ముందా?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. నా వయసు 34. బీకాం చదివాను. బాలానగర్‌లో ఒక చిన్న కంపెనీలో అకౌంటెంట్‌గా చేస్తున్నాను. చేతికి 36,000 వస్తుంది. అద్దె, ఇద్దరు పిల్లల ఫీజులు, బండి ఈఎంఐ పోగా నెలాఖరుకు ఏమీ మిగలడం లేదు. పోయినేడాది నాన్నగారి ఆపరేషన్‌కు క్రెడిట్ కార్డు వాడాను. ఇంకా 85,000 బాకీ ఉంది, నెలనెలా మినిమమ్ కడుతున్నాను. సాయంత్రం ఏడు నుంచి పదిన్నర దాకా నాకు ఖాళీ. బైక్ ట్యాక్సీ నడపాలా, ఫుడ్ డెలివరీ చేయాలా, ట్యూషన్లు చెప్పాలా, ఇన్సూరెన్స్ ఏజెన్సీ తీసుకోవాలా? షేర్ మార్కెట్ ఆప్షన్స్‌లో నెలకు 30,000 తీయొచ్చని ఒక ఫ్రెండ్ అంటున్నాడు. అపార్ట్‌మెంట్‌లో వాళ్లు నన్నే చీటీ నడపమంటున్నారు. నా భార్యకు కుట్టు వచ్చు, ఆవకాయ కూడా బాగా పెడుతుంది. ఏది మొదలుపెట్టమంటారు?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇన్ని దారులు రాశారు గానీ, మీ చేతిలో ఉన్న పనిని మాత్రం అందులో రాయనే లేదు. దాని దగ్గరకు వస్తాను. ముందు ఆ 85,000 సంగతి చూద్దాం.

మీ కార్డు స్టేట్‌మెంట్ తీసి వడ్డీ ఎంతో చూడండి. మినిమమ్ కట్టేవాళ్లకు చాలా కార్డుల మీద నెలకు మూడు నుంచి మూడున్నర శాతం పడుతుంది. మన భాషలో చెప్పాలంటే నూటికి మూడున్నర రూపాయల వడ్డీ. 85,000కు అది నెలకు 2,975. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే ఇంకో 535. మొత్తం 3,510 రూపాయలు ప్రతి నెలా పోతున్నాయి. ఇంట్లో కొంచెం బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి ఆ బాకీ ఒకేసారి తీర్చేయండి. బ్యాంకు గోల్డ్ లోన్ రూపాయి వడ్డీకి అటూ ఇటూగా దొరుకుతుంది. రూపాయి వడ్డీ అనుకున్నా నెలకు 850. అంటే నెలకు 2,660 రూపాయలు మీరు కుర్చీలోంచి లేవకుండానే మిగిలాయి. ఈ 2,660 గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో దీంతో పని ఉంది.

ఇంట్లో బంగారం తాకట్టు మాట ఎత్తడం ఎంత కష్టమో నాకు తెలుసు. మా ఇంట్లోనూ ఒకప్పుడు ఆ మాట వచ్చింది, రెండు రోజులు ఎవరూ సరిగా అన్నం తినలేదు. అందుకే మీ శ్రీమతికి ఈ లెక్క మొత్తం కాగితం మీద చూపించి అడగండి. ఎన్ని నెలల్లో విడిపిస్తారో కూడా రాసి చూపించండి. బంగారం లేకపోయినా, పెట్టడం ఇష్టం లేకపోయినా, మీ జీతం పడే బ్యాంకులో పర్సనల్ లోన్ అడగండి. కార్డు బాకీనే ఈఎంఐలుగా మార్చమని కార్డు వాళ్లనూ అడగండి. ఏ వడ్డీ తక్కువైతే అది తీసుకోండి. బాకీ తీరిన రోజు నుంచి ఆ కార్డు బీరువాలో ఉండాలి, పర్సులో కాదు.

ఇప్పుడు బైక్ ట్యాక్సీ. ఆరు నెలల క్రితం నా దగ్గరకు ఒక కుర్రాడు వచ్చాడు, మీలాగే ప్రైవేటు ఉద్యోగి. ఎంత వస్తోంది అంటే "రోజుకు నాలుగు వందలు సార్" అన్నాడు. రెండు వారాలు ప్రతిదీ రాసుకురమ్మన్నాను. పాపం శ్రద్ధగా రాశాడు. ఒక మంగళవారం పేజీ ఇలా ఉంది: ఏడూ పదికి బయలుదేరి పదీ నలభైకి ఇల్లు. ఐదు ట్రిప్పులు. యాప్ కోత పోగా 385 రూపాయలు. మీటరు తిరిగింది 58 కిలోమీటర్లు. అందులో మనుషుల్ని ఎక్కించుకుని తిరిగింది 35. మిగతాదంతా పికప్‌కు ఖాళీగా వెళ్లడం, చివరి ట్రిప్పు నిజాంపేటలో దింపి ఒంటరిగా వెనక్కి రావడం.

లీటరు 107 చొప్పున, బండి 45 ఇస్తుందనుకుంటే పెట్రోల్ 138. టైర్లు, ఆయిల్, సర్వీసింగ్, బండి అరుగుదల కలిపి కిలోమీటరుకు రూపాయి వేశాం, అది 58. మిగిలింది 189. మూడున్నర గంటలకు పంచితే గంటకు 54 రూపాయలు. ఆ కుర్రాడు కాసేపు ఆ కాగితం వైపే చూస్తూ ఉండిపోయాడు.

మీరు కార్డు బాకీ మార్చుకుంటే మిగిలే 2,660 బైక్ మీద సంపాదించాలంటే ఈ లెక్కన 49 గంటలు పడుతుంది. అంటే పద్నాలుగు సాయంత్రాలు.

ఇంకో సంగతి. మీ బండికి తెల్ల నంబర్ ప్లేటు, సొంత వాడకానికి తీసుకున్న ఇన్సూరెన్స్ ఉంటాయి. కిరాయికి తిప్పుతుండగా ఏదైనా జరిగితే క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది. మొదలుపెట్టాలని ఇంకా అనిపిస్తే ముందు పాలసీ కాగితం చదవండి. ఫుడ్ డెలివరీ లెక్క కూడా పెద్దగా మారదు. తేడా అల్లా హోటల్ ముందు నిలబడి ఎదురుచూసే టైము. ఇన్సెంటివ్ బాగుంటుందంటారు, నిజమే. కానీ అది పూర్తి టైము చేసేవాళ్ల టార్గెట్లకు తగ్గట్టు ఉంటుంది, సాయంత్రం పూట వచ్చేవాళ్లకు అందడం కష్టం. రోజంతా రోడ్డు మీద కష్టపడి ఇల్లు నడుపుకునే వాళ్లను తక్కువ చేయడం లేదు. ఎనిమిది గంటలు లెక్కలు చూసి వచ్చిన మనిషి, అలసిన కళ్లతో రాత్రి పదింటికి కూకట్‌పల్లి వై జంక్షన్ దాటాలంటే నాకు భయంగా ఉంది, అంతే.

ఇక మీరు రాయని పని. మీకు ట్యాలీ, అంటే లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్, వచ్చు. జీఎస్టీ రిటర్న్‌కు డేటా సిద్ధం చేయడం వచ్చు. మీ వీధిలోనే ఒక హార్డ్‌వేర్ షాపు ఉంటుంది చూడండి. కౌంటర్ వెనక మేకుకు వేలాడే ఇనుప తీగకు గుచ్చిన బిల్లుల దండ, పక్కన అట్ట పెట్టెలో సప్లయర్ల ఇన్‌వాయిస్‌లు, సిమెంట్ దుమ్ము. ఆ పెట్టె నెలాఖరుకు ఆడిటర్ ఆఫీసుకు వెళుతుంది. అక్కడ "ఈ బిల్లు ఏది, ఆ బిల్లు ఏది" అని నాలుగు ఫోన్లు. ఇన్‌పుట్ క్రెడిట్, అంటే సరుకు కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని తమ పన్నులో తగ్గించుకునే సౌకర్యం, కొంత పోతుంది కూడా, ఎందుకంటే సప్లయర్ తన రిటర్న్‌లో ఆ బిల్లు చూపించాడో లేదో సరిచూసే ఓపిక షాపు ఓనరుకు ఉండదు. ఆ పెట్టెను శుభ్రంగా ట్యాలీలోకి ఎక్కించి, జీఎస్టీ పోర్టల్‌లో కనిపించే కొనుగోళ్లతో సరిచూసి, ఆడిటర్‌కు ఫైలు ఇచ్చే మనిషి వాళ్లకు కావాలి.

నేను చూసినంతలో ఇలాంటి చిన్న షాపు నెలకు 1,500 నుంచి 2,500 దాకా ఇస్తుంది. 1,800 చొప్పున నాలుగు షాపులంటే 7,200. మొదటి రెండు నెలలు చిక్కుముడులు విప్పడానికి ఎక్కువ టైము పోతుంది. తర్వాత ఒక్కో షాపుకు నెలకు ఐదారు గంటలు. 22 గంటలనుకుంటే గంటకు దాదాపు 325 రూపాయలు. నడిచి వెళ్లే దూరం, పెట్రోల్ లేదు. పైగా బైక్ మీద పదేళ్ల తర్వాత కూడా గంట రేటు అంతే ఉంటుంది. ఇక్కడ రెండేళ్లు నమ్మకంగా చేస్తే షాపువాళ్లే ఇంకొకరికి చెబుతారు.

దీనిలో ఇబ్బందులూ ఉన్నాయి. మొదటి నెల సంపాదన సున్నా అనే అనుకోండి, అడగడానికి మొహమాటం వేస్తుంది, ఇద్దరు ముగ్గురు కాదంటారు. అసలు చిక్కు తేదీలతో వస్తుంది. నెలనెలా వేసేవాళ్లకు అమ్మకాలు చూపించే జీఎస్టీఆర్ 1 గడువు 11, పన్ను కట్టే 3బి గడువు 20. మీ ఆఫీసులో కూడా మీకు ఊపిరాడని రోజులు అవే కదా! అందుకని టర్నోవర్ 5 కోట్ల లోపు ఉండి, మూడు నెలలకోసారి రిటర్న్ వేసే పద్ధతి ఎంచుకున్న షాపులను, కాంపోజిషన్‌లో (అమ్మకాల మీద చిన్న శాతం పన్ను కట్టే పద్ధతి) ఉన్నవాళ్లను ముందు అడగండి. ఎంట్రీ పని వారం వారం చేసేయండి, పదో తారీఖు రాత్రికి ఏమీ మిగలకూడదు. రిటర్న్ వాళ్ల ఆడిటరే వేయాలి. ఓటీపీ వాళ్ల ఫోన్‌కే రావాలి, మీ నంబర్ ఎక్కడా ఇవ్వకండి. రేపు తప్పు జరిగితే మీ మెడకు చుట్టుకుంటుంది.

ఉద్యోగానికి ముప్పు రాకుండా చూసుకోవడం కూడా అంతే ముఖ్యం. మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో వేరే పని చేయకూడదనే షరతు ఉందేమో చదవండి. ఉంటే మీ సార్‌ను అడిగి, సరేనంటే ఆ మాట ఈమెయిల్‌లో తీసుకోండి. 2022లో విప్రో 300 మందిని తీసేసింది, పోటీ కంపెనీలకు కూడా పనిచేస్తున్నారని. మీ కంపెనీ డీలర్లు, సప్లయర్ల లెక్కలు మాత్రం ఎంతిచ్చినా ముట్టుకోకండి.

ట్యూషన్లంటే, ఇంటర్ సీఈసీ పిల్లలకు అకౌంటెన్సీ చెప్పగలరేమో ఆలోచించండి. పదో తరగతి లెక్కలకు పోటీ ఎక్కువ, దీనికి తక్కువ. కాకపోతే మార్చి పరీక్షలయ్యాక ఫీజు ఆగిపోతుంది.

మీ శ్రీమతి కుట్టు గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు. నాకు మాత్రం మీ ఉత్తరంలో రెండో మంచి మాట అదే అనిపించింది. లైనింగ్ జాకెట్‌కు 450 తీసుకుంటే, లైనింగ్ గుడ్డ, దారం, హుక్స్ 90 పోతాయి. మిగిలే 360కి కత్తిరింపు నుంచి చేతి కుట్టు దాకా రెండున్నర గంటలు. గంటకు 144. ఇల్లు, పిల్లలు చూసుకుంటూ వారానికి మూడు కుట్టినా నెలకు 4,000 పైనే. ఆషాఢంలో డిస్కౌంట్‌కు కొన్న చీరలన్నిటికీ శ్రావణమాసం వరలక్ష్మీ వ్రతానికి జాకెట్లు కావాలి. ఆ తర్వాత బతుకమ్మ, దసరా. ఆ మూడు నెలలు ఒప్పుకున్న తేదీకి ఇవ్వగలిగినన్నే తీసుకోమనండి. తేదీ తప్పిన టైలర్ దగ్గరకు ఆడవాళ్లు మళ్లీ రారు. ఫాల్, పికో కూడా చేస్తే ఖాళీ నెలల్లోనూ చేతినిండా పని ఉంటుంది, అయితే పికో మిషన్ ఇప్పుడే కొనొద్దు, ముందు బయట చేయించండి. ఆవిడ సంపాదన ఆవిడ పేరు మీద ఉన్న ఖాతాలోనే పడాలి. ఇంటి ఖర్చుల్లో కలిసిపోతే ఎంత కష్టపడ్డారో ఆవిడకే కనిపించదు.

ఆవకాయ ఈ ఏడాది వద్దు. ఎండాకాలంలో కాయలకు, నూనెకు, కారానికి డబ్బంతా ఒక్కసారే పెట్టాలి, అది తిరిగి రావడానికి దసరా దాటుతుంది. ఇంట్లో తయారుచేసి అమ్మినా ఆహార భద్రత చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. అప్పు తీరాక వచ్చే ఏడు పది కిలోలతో చూడొచ్చు. ఇన్సూరెన్స్ ఏజెన్సీలో మొదటి పాలసీలన్నీ బావమరిదికి, పిన్ని కొడుక్కి, ఆఫీసు స్నేహితుడికి అమ్మాల్సి వస్తుంది. వాళ్లకు సరిపడని పాలసీ అంటగట్టామన్న బాధ ఏళ్ల తరబడి ఉంటుంది. మీ స్వభావానికి అది పడదనిపిస్తోంది.

చీటీ మాత్రం వద్దంటే వద్దు. రిజిస్ట్రేషన్ లేకుండా చీటీ నడపడం 1982 చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం నేరం. చట్టం అటుంచండి, ఇరవై మందిలో ఒకరు పాడుకుని డబ్బు తీసుకుని ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోతే, మిగతా పంతొమ్మిది మందీ మీ తలుపే కొడతారు.

ఆప్షన్స్ సంగతి. ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో మూడు ఆర్థిక సంవత్సరాల లెక్కలు తీసి షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ 2024 సెప్టెంబరులో బయటపెట్టింది. కోటి మందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. ఖర్చులు కలిపి ఒక్కొక్కరికి సగటున 2 లక్షల దాకా పోయింది. మీ ఫ్రెండ్ 30,000 వచ్చిన నెల గురించి చెప్పాడు. ఏడాది మొత్తం ప్రాఫిట్ అండ్ లాస్ రిపోర్టు చూపించమని అడగండి. అలాగే టెలిగ్రామ్‌లో "హోటళ్లకు రివ్యూ రాస్తే రోజుకు 2,000" అని మెసేజ్ వస్తే జవాబే ఇవ్వకండి. మొదట 150 వేసి, తర్వాత మీతోనే వేలు కట్టిస్తారు. ఎవరైనా ఇప్పటికే ఇరుక్కుంటే వెంటనే 1930కి ఫోన్ చేయమనండి, గంట ఆలస్యమైనా డబ్బు చేతులు మారిపోతుంది.

పన్ను గురించి టెన్షన్ వద్దు. 2025-26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం దాకా రిబేట్ ఉంది, మీ జీతం, ఈ అదనపు ఆదాయం కలిపినా అందులో సగం కూడా కాదు. రిటర్న్ మాత్రం తప్పకుండా వేయండి. జీతం ఒక్కటే ఉన్నప్పుడు వేసే ఐటీఆర్ 1 ఇప్పుడు పనికిరాదు, వ్యాపార ఆదాయం చూపించే ఫారం కావాలి. షాపుల డబ్బు వేరే ఖాతాలోకి యూపీఐలో తీసుకుంటే ఏడాది చివర వెతుక్కోనక్కర్లేదు.

ట్యాలీ పని మీద నెలకు 7,000 వచ్చి, అది పూర్తిగా గోల్డ్ లోన్‌కే కడితే 13 నెలల్లో బంగారం ఇంటికొస్తుంది. మీ శ్రీమతికి చూపించే కాగితం మీద ఈ 13 రాయండి. ఆవిడ కుట్టు డబ్బు ఇందులో కలపకండి, దానితో మీ నాన్నగారి లాంటి అవసరం మళ్లీ వస్తే వాడుకోవడానికి ఒక రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టండి.

ఈ శనివారం అపాయింట్‌మెంట్ లెటరూ కార్డు స్టేట్‌మెంటూ బయటికి తీయండి. లెటర్‌లో అడ్డేమీ లేకపోతే ఆదివారం పొద్దున, గిరాకీ పలచగా ఉన్నప్పుడు, ఆ హార్డ్‌వేర్ షాపుకు వెళ్లండి. "మొదటి నెల డబ్బులివ్వొద్దు అన్నా, పని చూసి చెప్పు" అనండి. ఆ ఒక్క షాపుకే ఆ మాట, రెండో షాపు నుంచి మొదటి నెలే ఫీజు తీసుకోండి.