టూ స్ట్రోక్ బండికి ఇథనాల్ పెట్రోలు

ప్రశ్న: లీటరుకు 25 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజిన్ భాగాలు అరగకుండా పెట్రోలులో కలిపే నూనె) కలుపుతాను. 20 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు పోశాక ఫుల్ థ్రాటిల్‌లో ఇంజిన్ బాగా వేడెక్కుతోంది. ఆయిల్ పెంచాలా?

జవాబు: వద్దండీ. ఆయిల్ పెంచితే జెట్‌లోంచి (కార్బురేటర్‌లో పెట్రోలు వెళ్లే సన్నని రంధ్రం) వెళ్లే పెట్రోలు ఆ మేరకు తగ్గి, మిశ్రమం ఇంకా పలచనవుతుంది, అంటే గాలి ఎక్కువై పెట్రోలు తక్కువవుతుంది; వేడి ఇంకా పెరుగుతుంది. కిలో మామూలు పెట్రోలు మండడానికి 14.7 కిలోల గాలి కావాలి. కిలో ఇథనాల్ పెట్రోలుకు సుమారు 13.5 చాలు. అంటే అంతే గాలికి ఇంధనం ఎక్కువ కావాలి, పాత జెట్‌తో అది చాలడం లేదు. ఫుల్ థ్రాటిల్‌లో పెట్రోలు అందించే మెయిన్ జెట్ ఒక సైజు పెంచండి. ఖాళీ రోడ్డు మీద ఫుల్ థ్రాటిల్‌లో కాసేపు నడిపి, క్లచ్ పట్టి వెంటనే ఇంజిన్ ఆపేసి ప్లగ్ విప్పి చూడండి. ప్లగ్ కొన దగ్గరి పింగాణీ అడుగు తెల్లగా ఉంటే మరో సైజు పెంచాలి. లేత గోధుమ రంగు వస్తే సరిపోయినట్టే.

అసలు ప్రమాదం నీళ్లతో. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. అది మితిమీరితే నీళ్లూ ఇథనాలూ విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి, ఆయిల్ పైనున్న పెట్రోలులోనే ఉండిపోతుంది. కాక్ (ట్యాంకు కింది పెట్రోలు కుళాయి) తీసుకునేది అడుగు నుంచే! బేరింగులకు ఆయిల్ అందదు, పిస్టన్ పట్టేస్తుంది. కలిపిన పెట్రోలు కొంచెం గాజుసీసాలో పోసి, గట్టిగా మూతపెట్టి రాత్రంతా ఉంచండి. అడుగున వేరే పొర కనిపిస్తే ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయాల్సిందే. కార్బురేటర్‌లోకి పెట్రోలు రాకను ఆపే ఫ్లోట్ నీడిల్ రబ్బరు కొన ఉబ్బిందేమో కూడా చూడండి.