పాత తెరచాప బోటులోంచి టాయిలెట్ ట్యాంకు తీయడం ఎలా?

విశాఖలో కొన్న 28 అడుగుల పాత ఫైబర్ తెరచాప బోటు చిలిక సరస్సు ఒడ్డున రంభ ఊళ్ళో పెట్టుకున్నారు, ముందు పడక కింది టాయిలెట్ ట్యాంకు భరించలేని కంపు కొడుతోంది, హాచ్‌లోంచి (లోపలికి దిగే మూత ఉన్న దారి) అది బయటికి రావట్లేదు, డెక్కు (బోటు పైకప్పు) కోయాలా అని అడిగారు. డెక్కు జోలికి వెళ్ళకండి. ట్యాంకునే ముక్కలు కోసి తీయాలి.

నేను గల్ఫ్‌లో ఒక యాట్ రిపేరు యార్డులో చాలాకాలం ఫైబరు పని, పైపుల పని చేసి గోపాలపూర్ తిరిగొచ్చాను. చాలా బోట్లలో ముందు ట్యాంకు కూర్చోబెట్టి, ఆ తర్వాతే పైన డెక్కు బిగిస్తారు. అందుకే ఎంత వంచినా, ఎంత లాగినా అది రాదు. చుట్టూ ఉన్న చెక్క విరగడం తప్ప ఒరిగేదేమీ లేదు.

అసలు కష్టం కోతలో లేదు, దానికి ముందు ఖాళీ చేయడంలో ఉంది. డెక్కు మీద పంపవుట్ మూత, అంటే ట్యాంకులోది పైకి పీల్చే రంధ్రపు మూత, ఉంటుంది. సెస్‌పూల్ బండిని (సెప్టిక్ ట్యాంకులు పీల్చే బండి) ఒడ్డుకు రప్పించి, ఆ మూతలోంచే పీల్చించండి. రాత్రిపూట వాల్వు తిప్పి చిలికలోకి వదిలేస్తే ఎవరికి తెలుస్తుందని సలహా ఇచ్చేవాళ్ళు దొరుకుతారు, వినకండి. 1981లోనే రామ్‌సర్ జాబితాకు, అంటే ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాకు, ఎక్కిన సరస్సు అది. ఐరావతి డాల్ఫిన్లు తిరిగేదీ, మనవాళ్ళు రొయ్యలూ పీతలూ పట్టుకుని బతికేదీ ఆ నీళ్ళలోనే. ఖాళీ అయ్యాక మంచినీళ్ళు నింపి, మళ్ళీ పీల్చించాలి. వచ్చే నీళ్ళు తేటపడేదాకా ఇదే పని.

ఇక గ్యాసు సంగతి. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేసేది హైడ్రోజన్ సల్ఫైడ్. గాలికంటే బరువైనది కాబట్టి బోటు అడుగున పేరుకుంటుంది. సుమారు 100 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో వంద భాగాలు) చేరేసరికి ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన పోయింది కదా అని లోపలికి తల పెట్టిన మనిషి అక్కడే కూలిపోవచ్చు. దానితోపాటు మంట అంటుకునే మీథేను కూడా ఉండొచ్చు. హాచ్‌లన్నీ తీసి, బయటి గాలి అడుగుదాకా వెళ్ళేలా ఫ్యాను పెట్టి వదిలేయండి. పనిచేసేటప్పుడు పైన ఇంకో మనిషి తప్పకుండా ఉండాలి. ఒడ్డున ఎవరో కుర్రాడికి డబ్బులిచ్చి చేయించేద్దామని మాత్రం అనుకోవద్దు. రక్షణ సామాన్లు లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దించడాన్ని, చేత్తో మలం ఎత్తే పనిని ఆపడానికి తెచ్చిన 2013 చట్టం నిషేధించింది. మీ ట్యాంకులో ఉన్నదీ ఆ గ్యాసే.

బోటు నీళ్ళలో ఉంటే పైపు ఊడదీసేముందు అడుగున ఉన్న సీకాక్ (బయటి నీళ్ళు లోపలికి రాకుండా ఆపే వాల్వు) మూయండి. మూసినా నమ్మకండి. లోపల గట్టిపడిన ముక్క అడ్డుపడి సగమే మూసుకున్న వాల్వులు నేను చూశాను. పైపు క్లిప్పు కొద్దిగా వదులుచేసి, నీళ్ళు కారట్లేదని చూసుకుని ముందుకెళ్ళండి. చేతికందేలా చెక్క బిరడా, సుత్తి ఉండాలి. ఒకటిన్నర అంగుళాల పైపు ఏళ్ళ తరబడి అతుక్కుపోయి ఉంటుంది. మెలితిప్పితే ట్యాంకు మూతి విరుగుతుంది. వేడినీళ్ళ గుడ్డ చుట్టి, పైపును నిలువునా కత్తితో చీరి ఒలవండి. లోపల తెల్లటి గార పేరుకుని, పెన్సిలు పట్టేంత సందే మిగిలి ఉంటే ఆశ్చర్యపోకండి. ఆ గార కరగడానికి యాసిడ్ వాడేచోట బ్లీచింగ్ పౌడరు వేయనే వద్దు, క్లోరిన్ పుడుతుంది.

ప్లాస్టిక్ ట్యాంకైతే పెద్ద పళ్ళ బ్లేడుతో జిగ్‌సా (చేతిలో పట్టుకునే కరెంటు రంపం) నెమ్మదిగా నడపండి. వేగం పెంచితే ప్లాస్టిక్ కరిగి బ్లేడుకు అంటుకుంటుంది. ముందు పైభాగం, తర్వాత పక్కలు. ట్యాంకు వెనకే బోటు గోడ ఉంటుంది కాబట్టి పొట్టి బ్లేడు వాడండి. ఫైబరు ట్యాంకై బోటు అడుగుకే అతికించి ఉంటే అడుగుభాగం ముట్టుకోకుండా మిగతాది కోసేయండి, మాస్కు తప్పనిసరి. గ్రైండరు నిప్పురవ్వలు వద్దు.

తీశాక కంపు మిగిలితే పాత పైపుల్ని అనుమానించండి. వేడినీళ్ళలో పిండిన గుడ్డ పైపుకు చుట్టి, చల్లారాక గుడ్డ వాసన చూడండి. గుడ్డకు కంపు పడితే ఆ పైపు మొత్తం మార్చాల్సిందే, ఎంత కడిగినా పోదు. కొత్త ట్యాంకు కొనేముందు హాచ్ కొలత తీసుకెళ్ళండి.