టేబుల్ సర్దుకోవడం తర్వాత, ముందు ఆ మాత్రలు ఆపండి

ప్రశ్న: నా వయసు 34. ఎక్కువగా ఇంటి నుంచే పని చేస్తాను. ఏ పనీ చివరిదాకా సాగదు, తాళాలు, కళ్లజోడు రోజూ వెతుక్కోవాల్సిందే. వీడియోలు చూశాక నాకు ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, నిలకడ లేకపోవడం అనే సమస్య) ఉందని అర్థమైంది. స్నేహితుడు ఏడీహెచ్‌డీకి తను వాడే మిథైల్‌ఫెనిడేట్ మాత్రలు కొన్ని ఇస్తే, పని ఎక్కువున్న రోజుల్లో వేసుకుంటున్నాను. ఆ రోజుల్లో కాస్త గుండెదడ, రాత్రి నిద్ర నాలుగైదు గంటలే. ఇంట్లో, ఆఫీసులో నా చోటు ఎలా సర్దుకుంటే ఏకాగ్రత కుదురుతుంది?

డాక్టర్ సలహా: మీరు అడిగింది టేబుల్ గురించి, కానీ నా చూపు ఆగింది మాటల మధ్యలో చెప్పేసి దాటేసిన గుండెదడ దగ్గర. మిథైల్‌ఫెనిడేట్ బీపీనీ గుండె వేగాన్నీ పెంచుతుంది, నిద్రను చెడగొడుతుంది, అందుకే బీపీ, పల్స్ చూసి, ఇంట్లో ఎవరికైనా గుండె జబ్బుందా అని అడిగి, అవసరమనిపిస్తే ఈసీజీ తీయించి, తక్కువ మోతాదుతో మొదలుపెడతాం. మీ స్నేహితుడికి ఇవన్నీ చూసే ఇచ్చి ఉంటారు. మీకు ఎవరూ చూడలేదు. ఆయన మంచి మనసుతోనే ఇచ్చి ఉండొచ్చు, అయినా చదువుకున్నవాళ్లు కూడా మందులు ఇలా చేతులు మార్చుకోవడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. మాత్ర వేసుకుంటే పని సాగింది కాబట్టి జబ్బు ఉన్నట్టే అనుకోకండి, ఆ జబ్బు లేనివాళ్లలోనూ అది చురుకుదనం తెస్తుంది.

ఈ వారంలోనే ఫిజీషియన్‌కి చూపించుకోండి, ఎన్ని మాత్రలు వేసుకున్నారో దాచకుండా చెప్పండి. ఈలోగా ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్లు తిరిగి పడిపోవడం లాంటివి ఏవి వచ్చినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

ఇక ఏడీహెచ్‌డీ ఉందో లేదో వీడియోలు తేల్చలేవు, ఉత్తరం చదివి నేనూ తేల్చలేను. పన్నెండేళ్ల లోపే కొన్ని లక్షణాలు కనిపించి ఉండాలి, అవి ఇల్లు, ఉద్యోగం లాంటి కనీసం రెండు చోట్ల ఇబ్బంది పెడుతుండాలి. మీ చిన్నతనం గురించి ఒక్క ముక్కా రాయలేదు. నిద్రలేమి, థైరాయిడ్, డిప్రెషన్, గురకతో ఊపిరి ఆగుతూ ఉండే స్లీప్ అప్నియా కూడా ఇలాగే మతిమరుపు, ధ్యాస నిలవకపోవడం తెస్తాయి. సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లేటప్పుడు పాత ప్రోగ్రెస్ కార్డులు దొరికితే పట్టుకెళ్లండి, వీలైతే మీ అమ్మగారినో నాన్నగారినో వెంట తీసుకెళ్లండి.

సర్దుకోవడం సంగతికొస్తే, దీనికి డయాగ్నోసిస్ కోసం ఆగక్కర్లేదు. ఈ సమస్య ఉన్న చాలామందికి కంటికి కనిపించని వస్తువు మనసులోంచి కూడా జారిపోతుంది. కాబట్టి అన్నీ అలమారలో పెట్టి తలుపు మూసేస్తే ఇల్లు అందంగా ఉంటుందేమో గానీ మీకు పని జరగదు. తలుపుల్లేని అరలు, లోపలివి కనిపించే డబ్బాలు వాడండి. తాళాలు, కళ్లజోడు, పర్సు గుమ్మం పక్కన ఒకే గిన్నెలో, వేరే ఎక్కడా వద్దు. పనిచేసే బల్ల మీద మాత్రం దీనికి తలకిందులుగా, ఇప్పుడు చేస్తున్న పని తాలూకు వస్తువులే ఉండాలి. జనం తిరిగే వైపు కాకుండా గోడ వైపు కూర్చోండి, ముల్లున్న గడియారం ఎదురుగా పెట్టండి, టైం ఎంత కరిగిపోయిందో అంకెల కంటే ముల్లు బాగా చూపిస్తుంది. ఫోన్ పక్క గదిలో ఉండాలి, బోర్లించి పెట్టడం చాలదు. ఆఫీసులో మూల సీటు గానీ హెడ్‌ఫోన్స్‌కి అనుమతి గానీ మొహమాటపడకుండా అడగండి. ఎవరైనా పక్కన కూర్చుని వాళ్ల పని వాళ్లు చేసుకుంటుంటే మన పనీ సాగుతుందని చాలామంది చెబుతారు, అదీ ప్రయత్నించండి. ఒకేసారి ఇల్లంతా మార్చేయకండి, సగంలో ఆగిపోతుంది. ఈ వారం గుమ్మం పక్కన గిన్నె ఒక్కటి పెట్టుకోండి చాలు.

మిగిలిన మాత్రలు స్నేహితుడికి తిరిగిచ్చేయండి. చాలా రోజులుగా వేసుకుంటూ ఉంటే ఆపాక రెండు మూడు రోజులు నీరసంగా, దిగులుగా అనిపించవచ్చు, అలా అనిపిస్తే మళ్లీ వేసుకోకుండా డాక్టర్‌కి చెప్పండి.