ముసలి నక్షత్రం పేలితేనే దాని పదార్థం బయటికొస్తుందా?

పేలక్కర్లేదండీ. మన సూర్యుడితో సహా చాలా నక్షత్రాలు అసలు పేలవు. ముసలితనంలో బాగా ఉబ్బిపోయి, పై పొరలు కొంచెం కొంచెంగా వదులుకుంటూ పోతాయి. సూర్యుడైతే సుమారు సగం బరువు అలాగే పోగొట్టుకుంటాడు, దానికి ఇంకా 500 కోట్ల ఏళ్లకు పైనే ఉందిలెండి.

నేనూ మీలాగే అనుకునేవాణ్ణి. 2020 ఫిబ్రవరిలో ఆరుద్ర నక్షత్రం, అదే బెటెల్‌గ్యూస్, మసకబారిందని చదివి, గుంటూరు బ్రాడీపేటలో మా డాబా మీదికి రోజూ రాత్రి తొమ్మిదింటికి ఎక్కేవాణ్ణి. టెలిస్కోప్ ఏమీ లేదు, వీధిలైటు కంట్లో పడకుండా వాటర్ ట్యాంకు చాటున నిలబడి, మెడ నొప్పెట్టేదాకా నడినెత్తికి చూడటమే. మామూలుగా రోహిణి కంటే ఆరుద్రే కాంతిగా ఉంటుంది. ఆ నెల మాత్రం రోహిణి ముందు వెలవెలబోయి, అదే ఓరియన్ (వేటగాడు) నక్షత్ర మండలంలో రెండో భుజం మీదుండే బెల్లాట్రిక్స్‌తో ఇంచుమించు సమానమైపోయింది. వాట్సాప్‌లో ఒకటే గోల, ఇవాళో రేపో పేలిపోతుందని. మా నాన్న మాత్రం "ఆరుద్ర కార్తె జూన్‌లో కదరా, ఇప్పుడేం చూస్తావు" అని నవ్వేవారు. పేలలేదు, వేసవికల్లా మామూలైంది. తర్వాత తేలిందేమిటంటే, దాని ఉపరితలం నుంచి ఒక పెద్ద ముద్ద బయటికి చిమ్మి, చల్లారి, దుమ్మయి మనకు అడ్డొచ్చింది.

బెటెల్‌గ్యూస్ మహా భారీ నక్షత్రం, దాని లెక్క కొంచెం వేరు. సూర్యుడి లాంటివి ముసలివైతే ‘మీరా’ అనే ముసలి నక్షత్రం బాటలో పోతాయి. మీరా సుమారు 332 రోజులకోసారి ఉబ్బి తగ్గుతుంది. అంత పెద్దగా ఉబ్బాక ఉపరితలం దగ్గర గురుత్వాకర్షణకు పట్టు ఉండదు కాబట్టి, ఒక్కో ఊపుకి కొంత వాయువు పైకి లేస్తుంది. అక్కడ చల్లబడి ఇసుకలాంటి రేణువులవుతుంది, కార్బన్ ఎక్కువున్న నక్షత్రాల్లో అయితే దీపం మీద పట్టే మసి లాంటిదవుతుంది. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. మా మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దించేటప్పుడు ఘాటు దుమ్ము లేస్తుంది చూడండి, అక్కడ గాలే దుమ్మును మోసుకొచ్చి మన ముక్కులో కొడుతుంది. నక్షత్రం దగ్గర తిరగేసి జరుగుతుంది: వెలుగు దుమ్మును నెడుతుంది, ఆ దుమ్ము చుట్టూ ఉన్న వాయువును కూడా తనతో ఈడ్చుకుపోతుంది. వేగం సెకనుకు 10, 20 కిలోమీటర్లు. బాగా జోరు మీదున్నవైతే ఓ లక్ష ఏళ్లలో సూర్యుడంత సరుకు వదిలేస్తాయి.

మీరా వదిలిందైతే వెనకాల తోకలా సాగి ఉంది, పొడవు 13 కాంతి సంవత్సరాలు. 2007లో గాలెక్స్ ఉపగ్రహం అతినీలలోహిత కాంతిలో ఫొటో తీసేదాకా ఎవరికీ తెలీదు. ఇక ఆ దుమ్ము చేత్తో పట్టుకునేంత దగ్గరికీ వచ్చింది: 1969లో ఆస్ట్రేలియాలో పడ్డ మర్చిసన్ ఉల్కలో ఇలాంటి నక్షత్రాల సిలికాన్ కార్బైడ్ రేణువులు దొరికాయి, సూర్యుడి కన్నా పాతవి.