హీరోకి బలం ఎక్కువైతే కాదు, పక్కవాళ్లకి పని లేకపోతేనే తంటా

హీరో మరీ పర్ఫెక్ట్‌గా ఉంటే యానిమే (జపాన్ యానిమేషన్ సిరీస్) కథ చప్పబడిపోతుందా అని అడిగారు. చప్పబడుతుంది, కానీ "ఎలాగూ గెలుస్తాడని తెలుసు కాబట్టి టెన్షన్ ఉండదు" అని అందరూ చెప్పే కారణానికి కాదని నా అనుమానం. గెలుస్తాడని తెలిసే కదా మనం సగం సినిమాలకి టికెట్ కొంటాం.

ఇది నాకు చేతులు కాలాక తెలిసింది. ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో, హాస్టల్లో కూర్చుని ఒక ఫాంటసీ కథ మొదలుపెట్టా. హీరో కత్తి పడితే ఎదురు లేదు, చదువులో ఫస్టు, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. రెండు అధ్యాయాలు పరుగులు పెట్టాయి, మూడోది కదలనంది. రూమ్మేట్ చదివి, "ఒరేయ్, మిగతావాళ్లంతా వీడు గెలిచాక చప్పట్లు కొట్టడానికే ఉన్నట్టున్నారు కదరా" అన్నాడు. వెనక్కి తిప్పి చూస్తే నిజమే. హీరో స్నేహితురాలు మొత్తం కథలో మాట్లాడింది రెండే రకాల మాటలు: "జాగ్రత్త", "ఇదంతా ఎలా చేశావు?"

అప్పటినుంచి ఏ యానిమే చూసినా హీరోని వదిలేసి పక్కవాళ్లని చూడటం అలవాటైంది. 2012లో వచ్చిన స్వోర్డ్ ఆర్ట్ ఆన్‌లైన్ తీసుకోండి. పదివేల మంది ఒక గేమ్‌లో ఇరుక్కుపోతారు, అందులో చచ్చిపోతే నిజంగానే చచ్చిపోతారు. అందులో హీరో కిరిటో దాదాపు అన్నిట్లో దిట్ట. అయినా మూడో ఎపిసోడ్ నాకు ఇప్పటికీ గుండె పట్టేస్తుంది, ఎందుకంటే అక్కడ వాడు తన లెవెల్ ఎంతో దాచిపెట్టి ఒక చిన్న గుంపులో చేరతాడు, వాళ్ల స్నేహం బాగుందని నిజం చెప్పడు, చివరికి వాళ్లలో నలుగురు ఒక ఉచ్చులో పడి, వాడికి దగ్గరైన సాచి అనే అమ్మాయితో సహా వాడి కళ్లముందే పోతారు. అంత బలమూ అక్కరకు రాలేదు, పైగా తప్పు వాడిదే. అదే సిరీస్ రెండో భాగానికి వచ్చేసరికి, మొదట్లో కిరిటోతో సమానంగా కత్తి తిప్పిన హీరోయిన్ అసునాని తీసుకెళ్లి పక్షి పంజరంలో కూర్చోబెట్టారు. మధ్యలో తప్పించుకోవాలని ఒకసారి చూస్తుంది లెండి, దొరికిపోతుంది. హీరో వచ్చి విడిపించాలి కదా మరి! నా కథలో నేను చేసిన పనే, కాకపోతే వాళ్ల దగ్గర బొమ్మలు బాగున్నాయి.

దీనికి పూర్తిగా ఎదురు వన్ పంచ్ మ్యాన్. దాని హీరో సైటామా ఒక్క గుద్దుకి ఎవడినైనా పడగొడతాడు, బలంలో ఇంతకంటే పర్ఫెక్ట్ ఎవడూ ఉండడు. కానీ మొదటి సీజన్‌లో సముద్రపు రాక్షసుడు వచ్చే ఘట్టం గుర్తు తెచ్చుకోండి. ఏ శక్తులూ లేకుండా సైకిల్ మీద తిరిగే చిన్న హీరో ముమెన్ రైడర్, గెలవనని తెలిసీ ఎదురెళ్లి చితికిపోతాడు. తర్వాత సైటామా వచ్చి ఒక్క దెబ్బతో ముగిస్తాడు. అప్పుడు గుంపులో ఒకడు, ఇంత తేలిగ్గా చచ్చేవాడి చేతిలో ఓడిన హీరోలు దేనికి పనికొస్తారని ఎద్దేవా చేస్తాడు. సైటామా గట్టిగా నవ్వి, ముందొచ్చిన హీరోలు వాడిని నీరసింపజేశారు, నేను ఆఖర్లో వచ్చి పేరు కొట్టేశా అని అబద్ధం చెప్తాడు. తన పేరు చెడగొట్టుకుని మరీ వాళ్ల పరువు నిలబెట్టాడు. ఆ సీన్లో నాకు గుద్దు గుర్తులేదు, ఆ అబద్ధమే గుర్తుంది.

ఫ్రియరెన్ అనే యానిమే కూడా అంతే. ఫ్రియరెన్ వెయ్యేళ్లకు పైగా బతికిన మంత్రగత్తె, ఆమె ముందు నిలిచేవాళ్లు అరుదు. కానీ పదేళ్లు కలిసి తిరిగిన హిమ్మెల్ చనిపోయాక, అతని గురించి తనకేమీ తెలియదని మొదటి ఎపిసోడ్‌లోనే ఏడుస్తుంది. ఏ మంత్రంతో బాగుచేస్తుంది దాన్ని?

ఈ సంగతంతా ఇంటర్ చదివే మా పిన్ని కొడుక్కి ఫోన్లో గంటసేపు చెప్పా. ఓపిగ్గా విని, "సరే అన్నా, కానీ కిరిటో రెండు కత్తులు తీసినప్పుడు నువ్వు విజిల్ వేయలేదా?" అన్నాడు. వేశాను. హాస్టల్ వార్డెన్ లేచి వచ్చేంత గట్టిగా వేశాను.